వెయ్యి గజాల గురికి సరైన రైఫిల్ ఏది? కొలతలతో జవాబు వెదికిన జోసెఫ్ విట్‌వర్త్

అది 1860 జూలై 2. లండన్ శివారులోని వింబుల్డన్ మైదానంలో బ్రిటన్ జాతీయ రైఫిల్ సంఘం తొలి పోటీలు ప్రారంభమవుతున్నాయి. కదలకుండా ఇనుప పీఠానికి బిగించిన ఒక రైఫిల్ మీటకు పట్టుతాడు కట్టి ఉంచారు. విక్టోరియా రాణి ఆ తాడును లాగారు. 400 గజాల దూరంలో నిలిపిన లక్ష్యఫలకంపై నడిబిందువుకు కేవలం అంగుళంపావు దూరంలో తూటా తగిలింది. ఆ రైఫిల్‌ను రూపొందించి, పీఠంపై దాని గురిని సరిచేసి నిలిపిన వ్యక్తి మాంచెస్టర్‌కు చెందిన యంత్రాల తయారీదారు జోసెఫ్ విట్‌వర్త్. తుపాకుల తయారీ ఆయన కులవృత్తి కాదు, చేపట్టిన వృత్తీ కాదు. అంతకు ఆరేళ్ల ముందు వరకు ఆయన రైఫిళ్ల జోలికే పోలేదు.

మన దేశంలోని పాత లేతు షెడ్లలోనూ, రైల్వే వర్క్‌షాపుల్లోనూ చేతులు నల్లచేసుకున్న తరానికి విట్‌వర్త్ పేరు తెలుసు. అది తుపాకీ ద్వారా తెలిసిన పేరు కాదు, నట్టు బోల్టుల ద్వారా తెలిసిన పేరు. విట్‌వర్త్ మర, విట్‌వర్త్ పానా అన్న మాటలు మెట్రిక్ కొలతలు స్థిరపడే వరకు ఇక్కడి కార్మికుల నోళ్లలో నలిగాయి. అంగుళంలో లక్షోవంతు తేడాను సహించని ఆ మనిషి దూరపు గురిపోటీలకు తగిన రైఫిల్ ఎలా ఉండాలన్న ప్రశ్నను కూడా మరమేకును చూసిన దృష్టితోనే చూశారు. ఆ దృష్టి ఆయనకు గురిపోటీల మైదానంలో కీర్తిని తెచ్చింది. సైన్యం తలుపులను మాత్రం తెరిపించలేకపోయింది.

విట్‌వర్త్ 1803 డిసెంబర్ 21న మాంచెస్టర్ సమీపంలోని స్టాక్‌పోర్ట్ పట్టణంలో జన్మించారు. తండ్రి చార్లెస్ ఉపాధ్యాయుడు, క్రైస్తవ మతబోధకుడు. పదేళ్లు దాటేసరికి తల్లి మరణించింది. పద్నాలుగేళ్ల వయసులో డెర్బీషైర్‌లో మేనమామ నడిపే నూలు మిల్లులో పనికి కుదిరారు. కొడుకులాంటి మేనల్లుడు పెద్దయ్యాక మిల్లు వ్యవహారాలు చూసుకుంటాడని ఇంటివారు ఆశించారు. ఆ కుర్రవాడికి మాత్రం నూలు మీద కంటే దాన్ని వడికే యంత్రాల మీదే మనసు నిలిచింది. ఆ యంత్రాలు ఎంత మొరటుగా తయారవుతున్నాయో చూసి విస్తుపోయేవాడు. నాలుగేళ్లు గడిచాక ఎవరికీ చెప్పకుండా మాంచెస్టర్ చేరి మెకానిక్‌గా పనిలో చేరాడు. 1825లో ఫానీ ఆంకర్స్‌ను వివాహమాడి, ఆ వెంటనే లండన్ వెళ్లారు.

లండన్‌లో ఆయనకు దొరికిన గురువులు సామాన్యులు కారు. ఆనాటి యంత్రవిద్యకు పాఠశాలగా పేరొందిన హెన్రీ మాడ్స్‌లే కార్ఖానాలో పనిచేశారు. తర్వాత జోసెఫ్ క్లెమెంట్ వద్ద చేరారు. చార్లెస్ బాబేజ్ తలపెట్టిన గణనయంత్రం భాగాలు తయారైంది క్లెమెంట్ కార్ఖానాలోనే. లోహపు పలకను అద్దంలా సమతలంగా చేయడం ఎలాగన్న చిక్కుముడిని విట్‌వర్త్ విప్పింది ఈ కాలంలోనే. రెండు పలకలను ఒకదానితో ఒకటి సరిపోల్చితే ఒకటి కొద్దిగా గుంటగా, మరొకటి కొద్దిగా ఉబ్బుగా ఉన్నా రెండూ అతుక్కుపోతాయి, లోపం బయటపడదు. మూడు పలకలను మార్చి మార్చి సరిపోల్చి, ఎత్తుగా ఉన్న చోటును మాత్రమే గీకుతూ పోతే మూడూ నిజమైన సమతలాలు అవుతాయి. నేటికీ టూల్‌రూముల్లో కనిపించే సర్ఫేస్ ప్లేటుకు మూలం ఈ పద్ధతే. ఈ విధానాన్ని 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ శాస్త్ర సమాజ సమావేశంలో ఆయన వివరించారు.

1833లో మాంచెస్టర్ తిరిగివచ్చి సొంత కార్ఖానా పెట్టారు. ఆ రోజుల్లో ఒక్కో కార్ఖానా తనకు తోచిన మరలతో బోల్టులు చేసేది. ఒక ఊరి నట్టు మరో ఊరి బోల్టుకు ఎక్కేది కాదు. విట్‌వర్త్ దేశంలోని అనేక కార్ఖానాల నుంచి మరమేకులను సేకరించి, వాటి సగటును లెక్కగట్టి, 1841లో ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించారు. మర కోణం 55 డిగ్రీలు. వ్యాసాన్ని బట్టి అంగుళానికి ఇన్ని చుట్లు అన్న పట్టిక. రైల్వేలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. రైలు పట్టాల వెంట ఆ ప్రమాణం బ్రిటిష్ పాలన ఉన్న ప్రతి చోటికీ, భారతదేశానికీ చేరింది. 1851 లండన్ మహాప్రదర్శన నాటికి ఆయన పనిముట్లు యూరప్ మొత్తానికి ఆదర్శమయ్యాయి. అంగుళంలో పది లక్షలవ వంతు తేడాను పసిగట్టే కొలత యంత్రాన్ని కూడా ఆయన తయారుచేశారు.

ఇంత వరకు ఆయన జీవితం ఒక సూటి గీత. 1854లో క్రిమియా యుద్ధం దాన్ని మలుపు తిప్పింది. సైన్యానికి ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు పెద్ద సంఖ్యలో అవసరమయ్యాయి. బర్మింగ్‌హామ్ తుపాకీ పనివారు చేతితో చేసే పని ఆ గిరాకీకి సరిపోలేదు. తయారీ యంత్రాలను రూపొందించమని ప్రభుత్వం విట్‌వర్త్‌ను కోరింది. ఆర్డరు తీసుకుని యంత్రాలు చేసి ఇచ్చి ఉంటే లాభంతో పని ముగిసేది. అయితే ఆయన ముందుగా తుపాకీ పనివారి దగ్గరకు వెళ్లి విచారించారు. ఒకే కార్ఖానాలో, ఒకే చేతితో తయారైన రెండు రైఫిళ్లలో ఒకటి గురి తప్పకుండా, మరొకటి చెదురుమదురుగా ఎందుకు పేలుతుందో ఎవరూ కారణం చెప్పలేకపోయారు. గొట్టం ఎంత వెడల్పుండాలి, దాని లోపలి గాడులు ఎంత మెలి తిరగాలి, తూటా ఎంత పొడవుండాలి అన్న ప్రతి ప్రశ్నకూ వారి వద్ద ఉన్న సమాధానం ఆనవాయితీ ఒక్కటే. మంచి రైఫిల్ అంటే ఏమిటో తేలకుండా దాన్ని చేసే యంత్రాన్ని రూపొందించడం అర్థరహితమని ఆయన ప్రభుత్వానికి తెలియజేశారు. ముందు ప్రయోగాలు జరగాలన్నారు.

ప్రభుత్వం అంగీకరించింది. మాంచెస్టర్ శివారు రషోమ్‌లో ఆయన నివాసం ఫర్స్ ఆవరణలో 500 గజాల పొడవైన ఒక కప్పు ఉన్న కాల్పుల శాల నిర్మాణమైంది. గాలి ప్రభావం తూటాపై పడకుండా చూడటమే ఆ కప్పు, గోడల ఉద్దేశం. విధి వికటించి, కట్టిన కొద్ది కాలానికే తుపాను దాన్ని నేలమట్టం చేసింది. మళ్లీ కట్టారు. 1855 మార్చిలో ప్రయోగాలు మొదలయ్యాయి. శాల పొడవునా పలుచని కాగితపు తెరలను వరుసగా వేలాడదీశారు. తూటా ఒక్కో తెరను చీల్చుకుంటూ పోయినప్పుడు ఏర్పడిన రంధ్రాలను కొలిచి, అది ఎక్కడ పైకి లేచింది, ఎక్కడ వాలింది, ఏ చోట తలకిందులవడం మొదలుపెట్టింది అన్నది గజం గజానికి గుర్తించారు. అంతకు ముందు తూటా ప్రయాణానికి ఆరంభం, అంతం మాత్రమే కంటికి కనబడేవి. మధ్యదారిని కాగితం మీదకు ఎక్కించడమే ఆ శాల సాధించిన అసలు విజయం అనాలి.

ఆయన దేన్నీ ముందుగా నమ్మలేదు. ఎన్‌ఫీల్డ్ గొట్టంలో 78 అంగుళాలకు ఒక్క చుట్టు తిరిగే గాడులుండేవి. అంతకంటే బిగువైన మెలికలను ఒకటి తర్వాత ఒకటిగా ప్రయత్నించి, చివరికి ఒక్క అంగుళానికే ఒక చుట్టు తిరిగే గొట్టాన్ని కూడా పేల్చి చూశారు. అంతటి మెలికను ఏ పోటీదారుడూ కోరడు. హద్దు ఎక్కడుందో తెలిస్తేగాని నడుమ ఎక్కడ నిలవాలో తెలియదన్నది ఆయన పద్ధతి.

1857 నాటికి తేలిన రూపం ఇది. గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో 0.451 వంతు, అంటే దాదాపు 11.5 మిల్లీమీటర్లు. లోపలి కోత గుండ్రంగా కాక షట్కోణంగా ఉంటుంది. 20 అంగుళాలకు ఒక చుట్టు. తూటా బరువు 530 గ్రెయిన్లు, అంటే సుమారు 34 గ్రాములు. సరిగ్గా ఎన్‌ఫీల్డ్ తూటా బరువే. కానీ ఎన్‌ఫీల్డ్ గొట్టం 0.577 అంగుళాల వెడల్పు కనుక దాని తూటా పొట్టిగా, లావుగా ఉండేది. విట్‌వర్త్ తూటా అదే సీసంతో సన్నగా, పొడుగ్గా ఉంటుంది. సన్నని తూటాను గాలి తక్కువగా అడ్డుకుంటుంది, దూరం పోయినా వేగం త్వరగా చావదు. అయితే పొడవైన తూటా గాలిలో తల దించుకోకుండా ముక్కుసూటిగా పోవాలంటే బొంగరంలా వేగంగా తిరగాలి. అందుకే బిగువైన మెలిక అవసరం. ఆ మెలికలో మెత్తని సీసం గాడులను వదిలి జారిపోకూడదు కనుక షట్కోణపు గోడలు. ఒక అంశాన్ని మారిస్తే మిగిలినవన్నీ దాని వెంట మారాలి. గొట్టాన్ని, మెలికను, తూటాను విడివిడిగా ఎంచుకోలేమని, మూడింటినీ ఒకే లెక్కగా చూడాలని నిరూపించిన తొలి సమగ్ర ప్రయోగాలు ఇవే.

బహుకోణపు గొట్టం ఆలోచన పూర్తిగా ఆయనదే అనడం న్యాయం కాదు. ప్రఖ్యాత ఇంజనీరు ఇసాంబార్డ్ బ్రూనెల్ అంతకు ముందే తుపాకీ తయారీదారు వెస్ట్లీ రిచర్డ్స్ చేత అష్టకోణపు గొట్టంతో ఒక రైఫిల్ చేయించారు, పేటెంటు మాత్రం తీసుకోలేదు. ఆ ఆలోచన ఎవరిదన్న వివాదం తర్వాత ఏళ్ల తరబడి సాగింది. విట్‌వర్త్ ఘనత ఆకారంలో కంటే ఆ ఆకారాన్ని కొలతతో తేల్చడంలో ఉంది.

1857 ఏప్రిల్‌లో హైత్‌లోని సైనిక కాల్పుల పాఠశాలలో రెండు రైఫిళ్లనూ పక్కపక్కన పరీక్షించారు. 500 గజాల వద్ద విట్‌వర్త్ తూటాలు సగటున 0.37 అడుగుల మేర చెదిరితే, ఎన్‌ఫీల్డ్ తూటాలు 2.24 అడుగులు చెదిరాయి. 1,100 గజాల వద్ద ఆ తేడా 2.62 అడుగులు, 8.04 అడుగులుగా నమోదైంది. 1,400 గజాల వద్ద ఎన్‌ఫీల్డ్ లక్ష్యాన్ని తాకనే లేకపోగా, విట్‌వర్త్ ఇంకా తగులుతూనే ఉంది. ఆ పరీక్షలు జరిగిన నెలలోనే ఇక్కడ బారక్‌పూర్‌లో మంగళ్ పాండేను ఉరితీశారు. మరుసటి నెలలో మీరట్ భగ్గుమంది. ఏ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ హైత్ మైదానంలో ఓడిపోయిందో, ఆ రైఫిల్ తూటా పొట్లానికి పూసిన కొవ్వే భారత సిపాయిల ఆగ్రహానికి నిప్పురవ్వ అయింది.

ఇంత స్పష్టమైన ఫలితం వచ్చాక కూడా సైన్యం విట్‌వర్త్ రైఫిల్‌ను స్వీకరించలేదు. సన్నని గొట్టంలో మసి త్వరగా పేరుకుని, కొన్ని తూటాల తర్వాత మందు దట్టించడం కష్టమయ్యేది. ఖరీదు ఎన్‌ఫీల్డ్‌కు అనేక రెట్లు. యుద్ధానికి ఆ వ్యాసం మరీ చిన్నదన్న అభిప్రాయమూ అధికారుల్లో బలంగా ఉండేది. విట్‌వర్త్ దీన్ని అవమానంగా భావించి, చివరి వరకు ఆ కమిటీలతో పోరాడారు. నిష్పక్షపాతంగా చూస్తే ఇరువైపులా కొంత న్యాయం ఉంది. వానలో, బురదలో, శత్రువు మీదికి వస్తుండగా గొట్టం శుభ్రం చేసుకునే తీరిక సిపాయికి ఉండదు. వ్యాసం విషయంలో మాత్రం అధికారులదే పొరపాటు. 1871లో అదే సైన్యం స్వీకరించిన మార్టినీ హెన్రీ రైఫిల్ గొట్టం వ్యాసం 0.45 అంగుళాలు, మెలిక 22 అంగుళాలకు ఒక చుట్టు. పదిహేనేళ్ల కిందట రషోమ్ కాగితపు తెరలు చెప్పిన లెక్కకు అది ఎంత దగ్గరో వేరే చెప్పనక్కరలేదు.

సిపాయికి పనికిరాని గుణాలే గురిపోటీదారుడికి వరాలయ్యాయి. వింబుల్డన్‌లో పోటీదారుడి ఎదుట శత్రువు లేడు. ఒక్కో తూటాకు మధ్య గొట్టాన్ని తుడుచుకోవచ్చు. మందును తూచి పోసుకోవచ్చు. గాలి ఎటు వీస్తుందో జెండాలు చూసి ఆగవచ్చు. ఖరీదు ఒక్కసారి పెట్టేదే. ఆయనకు కావలసింది ఒక్కటే: నిన్న ఎక్కడ తగిలిందో ఈరోజూ అక్కడే తగలాలి. 1860 తొలి పోటీల్లో రాణి బహుమతి చివరి అంచెను 800, 900, 1,000 గజాల దూరాల్లో విట్‌వర్త్ రైఫిళ్లతోనే నిర్వహించారు. 250 పౌండ్ల ఆ బహుమతిని యార్క్‌షైర్ వలంటీరు ఎడ్వర్డ్ రాస్ గెలుచుకున్నారు. వెయ్యి గజాలంటే 914 మీటర్లు. అంత దూరాన కంటికి లక్ష్యఫలకం ఒక తెల్లని చుక్క. అప్పటి వరకు వేటగాళ్ల వినోదంగా ఉన్న దూరపు గురి అక్కడి నుంచి నియమాలు గల క్రీడ అయింది. రైఫిల్ బరువు 10 పౌండ్లకు మించరాదని, మీట కనీసం 3 పౌండ్ల ఒత్తిడికి గాని కదలరాదని దూరపు పోటీలకు హద్దులు ఏర్పడ్డాయి. ఆ హద్దుల లోపల అత్యుత్తమమైనదాన్ని ఎంచుకోవడం అనే విద్య కూడా అప్పుడే పుట్టింది.

ఈ కథలో భారతీయులకు సంబంధించిన మరో పాయ ఉంది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం చెలరేగింది. దక్షిణ రాష్ట్రాల పత్తి రాక ఆగిపోయి మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లులు మూతపడ్డాయి. లక్షలాది కార్మికులు పస్తులున్నారు. మిల్లు యజమానులు భారత పత్తి వైపు చూశారు. పొట్టి పింజ గల ఆ పత్తికి లాంకషైర్‌లో వాడుక పేరు సూరత్. పోగు తెగుతుంది, చెత్త ఎక్కువ అని అక్కడి కార్మికులు దాన్ని ఎంతగా ఈసడించారంటే, నాసిరకం దేనికైనా సూరత్ అన్న పేరు తగిలించడం మొదలుపెట్టారు. నేడు ఆల్థాన్ వంటి కొత్త పేటలతో విస్తరించి, తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలకు సైతం ఉపాధినిస్తూ దేశానికి చీరలు కట్టబెడుతున్న సూరత్ నగరానికి ఒకనాడు పరదేశంలో దక్కిన గౌరవం అది.

పత్తి రాని ఆ సముద్రం మీదుగానే, దిగ్బంధాన్ని దాటుకుంటూ మాంచెస్టర్ రైఫిళ్లు దక్షిణ రాష్ట్రాల సైన్యానికి చేరాయి. సంఖ్య స్వల్పమే. వాటిని ఎంపిక చేసిన గురికాళ్ల చేతికి మాత్రమే ఇచ్చేవారు. కొన్నింటికి పక్కన టెలిస్కోపు బిగించి ఉండేది. ఆ టెలిస్కోపును రూపొందించిన డేవిడ్ డేవిడ్‌సన్ సూరత్‌ను కూడా ఏలిన బొంబాయి ప్రెసిడెన్సీ సైన్యంలో పనిచేసిన అధికారి. 1864 మే 9న స్పాట్సిల్వేనియా వద్ద ఉత్తర సైన్యానికి చెందిన జనరల్ జాన్ సెడ్‌విక్, అంత దూరం నుంచి శత్రువు తమను కొట్టలేడన్న ధీమాతో తన సైనికులను ఉత్సాహపరుస్తూ నిలబడి ఉండగానే తలకు తూటా తగిలి నేలకొరిగారు. అది విట్‌వర్త్ తూటాయేనని విస్తృతంగా చెబుతారు. కాగితపు తెరల మీద కొలిచిన దారి మనిషి ప్రాణం దగ్గర ముగియడం ఆ రోజుల్లో కొత్త సంగతి. విట్‌వర్త్ దీనిపై కలత చెందిన దాఖలా ఏదీ ఆయన బహిరంగ జీవితంలో కనిపించదు. ఆయన ఆపై ఫిరంగుల తయారీలోకి దిగి, ఆర్మ్‌స్ట్రాంగ్‌తో ఏళ్ల తరబడి పోటీపడ్డారు. ఆ ఫిరంగుల కోసమే, కరిగిన ఉక్కును అచ్చులో ఉండగానే తీవ్రంగా ఒత్తి, లోపలి బుడగలు పోగొట్టే పద్ధతిని కనిపెట్టారు.

పోటీ మైదానంలో ఆయన రాజ్యం ఎంతోకాలం నిలవలేదు. దాన్ని కూలదోసిన వ్యక్తి విలియం మెట్‌ఫర్డ్‌కు మన గంగాతీరంతో పరిచయం ఉంది. రైల్వే ఇంజనీరైన మెట్‌ఫర్డ్ 1857లో ఈస్ట్ ఇండియన్ రైల్వేలో ఉద్యోగానికి వచ్చి ముంగేర్‌లో ఉండగా తిరుగుబాటు కమ్ముకుంది. ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లిపోయారు. విట్‌వర్త్ సన్నని గొట్టాన్ని, పొడవైన తూటాను ఆయన ఉంచుకున్నారు, షట్కోణాన్ని వదిలేశారు. తూటా సీసాన్ని కాస్త గట్టిపరిస్తే, లోతులేని గాడులే దాన్ని పట్టి తిప్పగలవని, మసి కూడా తగ్గుతుందని తేల్చారు. 1865లో ఆయన రైఫిల్ వింబుల్డన్‌లో అడుగుపెట్టింది. తర్వాతి దశాబ్దాల్లో దూరపు పోటీల బహుమతుల్లో సింహభాగం మెట్‌ఫర్డ్ గొట్టాలదే. 1888లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన లీ మెట్‌ఫర్డ్ రైఫిల్ వ్యాసం 0.303 అంగుళాలు. మన పోలీసు ఠాణాల్లో దశాబ్దాల పాటు కనిపించిన త్రీ నాట్ త్రీ వంశానికి మూలపురుషుడు అదే.

ఈలోగా ఎంపిక ప్రశ్న మరో మలుపు తిరిగింది. 1874లో న్యూయార్క్ సమీపంలోని క్రీడ్‌మూర్‌లో ఐర్లాండ్ జట్టు మూతి నుంచి మందు దట్టించే రిగ్బీ రైఫిళ్లతో, అమెరికా జట్టు వెనుక నుంచి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్లతో తలపడ్డాయి. 934 పాయింట్లకు 931తో అమెరికా గెలిచింది. ఐరిష్ జట్టులో ఒకరి తూటా నడిబిందువునే తాకింది, కానీ పక్కవారి లక్ష్యఫలకం మీద. ఆ ఒక్క సున్నాయే ఫలితాన్ని మార్చింది. కొలతలన్నీ సరిగా ఉన్న రైఫిల్‌కు కూడా దాని వెనుక ఉన్న కన్ను ఎటు చూస్తుందో తెలియదు.

ఎవరి మాటకూ తలవంచని తత్వం విట్‌వర్త్‌ది. కమిటీలు సూచించిన చిన్న మార్పులకు సైతం ఒప్పుకోకపోవడం వల్లే కొన్ని అవకాశాలు జారిపోయాయని ఆయనను ఎరిగినవారు భావించారు. ఆ మొండితనం వెనుక ఔదార్యమూ ఉంది. పనిముట్టు పట్టే చేయి, లెక్క తెలిసిన బుర్ర ఒకే యువకుడిలో కలవాలన్న ఆశతో 1868లో ఆయన లక్ష పౌండ్ల నిధితో, ఏటా 100 పౌండ్ల చొప్పున 30 ఉపకారవేతనాలు నెలకొల్పారు. కార్ఖానాలో పనిచేసే యువకులు కూడా వాటికి పోటీపడగలిగారు. మరుసటి ఏడాది బారనెట్ బిరుదు లభించింది. 1874లో తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చినప్పుడు కార్మికులకూ వాటాలు కొనుక్కునే వీలు కల్పించారు.

చివరి ఏళ్లలో డెర్బీషైర్‌లోని డార్లీ డేల్‌కు మకాం మార్చారు. కాల్పుల శాల వెలసిన ఫర్స్ భవనంలో మాంచెస్టర్ గార్డియన్ సంపాదకుడు సి.పి.స్కాట్ అద్దెకు చేరారు. ఆరోగ్యం కోసం చలికాలాల్లో దక్షిణ ఫ్రాన్స్ తీరానికి వెళ్లే విట్‌వర్త్ 1887 జనవరి 22న మాంటీకార్లోలో తన 83వ ఏట కన్నుమూశారు. సంతానం లేదు. డార్లీ డేల్‌లోనే ఖననం చేశారు. ఆస్తిలో అధిక భాగం మాంచెస్టర్‌లో విద్యకు, వైద్యానికి, నేడు ఆయన పేరుతో నడుస్తున్న కళాప్రదర్శనశాలకు చేరింది. పదేళ్ల తర్వాత ఆయన కంపెనీ, జీవితమంతా పోటీపడిన ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీలోనే కలిసిపోయి ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్ అయింది.

మూతి నుంచి మందు దట్టించే పాత తుపాకులతో ఇప్పటికీ అంతర్జాతీయ పోటీలు జరుగుతున్నాయి. అందులో నేలపై పడుకుని పేల్చే ఒక రైఫిల్ విభాగానికి విట్‌వర్త్ అనే పేరు పెట్టారు. అందులో లక్ష్యం దూరం 100 మీటర్లు.